అక్క అందే దూరం

బస్సు మలుపు తిరిగి ఆఫీసుల వీధిలోకి రాగానే ఆమె తల కిటికీ వైపు తిరిగింది. అక్కడ సిగ్నల్ దగ్గర బస్సు ఆగుతుంది. ఒక్కోసారి అర నిమిషం, అదృష్టం బాగుంటే నిమిషం. రోడ్డుకి అవతల పాత బీమా ఆఫీసు మెట్ల కింద, నించుంటే తల తగిలేంత జాగాలో, జిప్పులు బాగుచేసే బల్ల ఒకటి ఉంది. బల్ల వెనక అక్క కూర్చుని ఉంటుంది. ఎనిమిదేళ్ళుగా ఆమెకి అక్క అంటే ఆ అర నిమిషమే.

ఆ సోమవారం అక్క కళ్ళజోడు పెట్టుకుని ఉంది.

ఆమె సీట్లోంచి సగం లేచింది. పక్కనున్నావిడ "దిగుతారా?" అంటూ కాళ్ళు ముడుచుకుంది. ఆమె బ్యాగులోంచి కెమెరా తీసి, జూమ్ తిప్పబోయింది. రింగు సగంలో బిగుసుకుపోయింది. గట్టిగా తిప్పితే లోపల ఏదో కరకరమంది. అవతల అక్క ముక్కు మీదికి జారిన కళ్ళజోడు పైనుంచి ఎవరి సూట్‌కేసునో చూస్తోంది. లైటు మీటరు చూడకుండా గదిలో వెలుగెంతుందో చెప్పగలిగిన కళ్ళు అవి. వాటికి అద్దాలు ఎప్పుడొచ్చాయో, ఎవరు తీసుకెళ్ళి చూపించారో. బస్సు కదిలింది.

"దిగట్లేదండీ," అంది ఆమె కూర్చుంటూ.

మధ్యాహ్నం తను పనిచేసే ఫోటో స్టూడియోలో భోజనాల విరామం రాగానే కెమెరాల మెకానిక్ దగ్గరికి వెళ్ళింది. ఆయన కొట్టు ఒక గది కూడా కాదు, రెండు కొట్ల మధ్య సందుకి తలుపు పెట్టుకున్నాడంతే. బల్ల మీద మెత్తటి గుడ్డ, దాని మీద విప్పిన లెన్సు, సీసా మూతల్లో వరసగా మరలు. ఆయన ఆమె జూమ్‌ని చెవి దగ్గర పెట్టుకుని తిప్పి, పెదవి విరిచాడు.

"పళ్ళు అరిగిపోయాయి అమ్మాయ్. బాగుచేస్తాను, కాదనను. కానీ నాలుగు నెలలకోసారి నా మొహం చూడాల్సొస్తుంది. నీకు అంత ఖర్మ ఎందుకు?"

"మరేం చెయ్యను బాబాయ్?"

"జూమ్ మానెయ్. ఒకే దూరం చూసే లెన్సు పెట్టుకో. ముందుకీ వెనక్కీ నీ కాళ్ళే జరుగుతాయి. కాళ్ళు అరిగితే నా దగ్గరికి రావక్కర్లేదు." తన హాస్యానికి తనే నవ్వుకుని, డ్రాయరు లాగి మూడు లెన్సులు బల్ల మీద పెట్టాడు. "ఇది ఎనభై ఐదు. మొహమాటస్తుల లెన్సు. వీధికి ఇవతల నించుని అవతలివాళ్ళ మొహం చదువుకోవచ్చు. ఇది యాభై. పెద్దమనిషి. కంటికి ఎలా కనబడుతుందో అలాగే చూపిస్తుంది, పైన ఒక్క మాట చెప్పదు. ఇదిగో ఈ బుల్లిది ముప్ఫై ఐదు. దీనికి సిగ్గులేదు. ఎదుటి మనిషి ఫ్రేములో నిండాలంటే వాళ్ళ చేతికి నువ్వు అందాలి."

ఆమె మూడిటినీ ఒక్కొక్కటిగా పట్టుకుని చూసింది. "నేను వీధిలో మనుషుల్ని తీస్తాను."

"తెలుసు. ఆ మనుషులు నిన్ను చూడాలా, చూడకూడదా?"

లెన్సులు ఎంచుకోవటానికి ఇలాంటి ప్రశ్న ఉంటుందని ఆమె అనుకోలేదు. చేతిలోది బల్ల మీద పెట్టి, "చూడకూడదు," అంది.

"అయితే పెద్దది పట్టుకెళ్ళు. రోజుకొకటి వాడి చూడు. మూడూ అయ్యాక నచ్చింది నీది, నీ జూమ్ నాది. దాని చర్మం ఒలుచుకుని వేరే వాటికి వాడుకుంటాను."

సాయంత్రం ఐదున్నరకి ఆమె ఆఫీసుల వీధిలో బస్సు దిగింది. రోజూ దాటిపోయే స్టాపే. అక్కడ దిగటం అదే మొదటిసారి. అక్క బల్లకి ఎదురుగా, రోడ్డుకి ఇవతల, మందుల షాపు స్తంభం పక్కన నించుని కెమెరా ఎత్తింది.

అక్క ఒక్కసారిగా ముందుకొచ్చినట్టయింది. నడుము నుంచి పైకి ఫ్రేము నిండా అక్కే. ఎడమ బొటనవేలికి తెల్ల ప్లాస్టరు. చెవి వెనక నెరిసిన పాయ. పట్టకారుతో సూట్‌కేసు జిప్పు చివర ఉన్న తగరపు ముక్క లాగేసింది. పాత రన్నరుని పళ్ళ మీదినుంచి జార్చి డబ్బాలో వేసింది. కొవ్వొత్తి ముక్క తీసుకుని జిప్పు పొడుగునా రుద్దింది. కొత్త రన్నరుని రెండు వైపులా సమంగా ఎక్కించి మూడుసార్లు అటూ ఇటూ లాగింది. మూడోసారి కళ్ళు మూసుకుని లాగింది, చేత్తో వింటున్నట్టు. లైటు సర్దేటప్పుడు కూడా అక్క అలాగే చివర్లో ఒకసారి కళ్ళు మూసుకునేది.

ఎండ మొహాన కొడుతోంది. బస్సులు అడ్డం వచ్చాయి, మనుషులు అడ్డం వచ్చారు. ఆమె పదకొండు ఫోటోలు తీసింది. అక్క ఒకసారి తలెత్తి రోడ్డు అవతలికి చూస్తే స్తంభం వెనక్కి జరిగింది.

మర్నాడు పొద్దున్నే స్టూడియో కంప్యూటర్లో వాటిని తెరిచింది. మొహం ఉంది. మెట్లు లేవు, బల్ల సగమే ఉంది, వీధి లేనే లేదు. దారిన పోయేవాళ్ళు ముందు రంగు మరకల్లా పడ్డారు. ఎంత పెద్దది చేసి చూసినా అక్క దగ్గరికి రాలేదు.

"మీ అక్క కదూ?"

వెనక స్టూడియో ఓనరు, చేతిలో టీ కప్పు. ఆమె ఫోటో మూసెయ్యబోయింది గానీ ఆయన వంగి చూస్తూనే ఉన్నాడు.

"పెద్దదైపోయింది. మంచి చెయ్యి సుమా. ఆవిడ తర్వాత ముగ్గుర్ని పెట్టుకున్నాను, ఒక్కళ్ళకీ ఆ చెయ్యి లేదు." ఒక గుక్క తాగాడు. "ఏం లాభం, అజాగ్రత్త. ఆ పెద్దాయన ఫోటోలు చెరిపేసి నా పరువు తీసింది. ఆ ఒక్క తప్పు చెయ్యకపోతే ఈపాటికి ఈ కుర్చీలో తనే ఉండేది."

ఆమె నోరు తెరిచింది. అంతలో గంట మోగింది. ఎవరో పాస్‌పోర్టు ఫోటోకి వచ్చారు. ఆమె లేచి వెళ్ళి స్టూలు ఎత్తు సరిచేసి, తెల్ల తెర ముడతలు లాగి, "కళ్ళు ఆర్పకండి," అంది. ఓనరు కప్పు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఎనిమిదేళ్ళ క్రితం కూడా ఆమె ఇదే తెర పక్కన, ఇలాగే నించుంది.

"ఎలా ఉంది మొహమాటం?" అన్నాడు మెకానిక్ మధ్యాహ్నం.

"దూరంగా ఉంది బాబాయ్."

"ఎనభై ఐదుతోనా! ముక్కు పట్టుకునేంత దగ్గర కనిపిస్తారే."

"కనిపించటం వరకూ దగ్గరే."

ఆయన ఆమె మొహంలోకి ఒకసారి చూసి, యాభై బిగించి ఇచ్చాడు.

యాభైతో రోడ్డు దాటక తప్పలేదు. అక్క బల్లకి ఎనిమిది అడుగుల ఇవతల పేపర్ల కొట్టు ఉంది. వేలాడుతున్న వారపత్రికల పక్కన నించుంది. ఇక్కడినుంచి మెట్లు కనిపించాయి. మెట్ల అంచుకి దండెంలా కట్టిన తీగ, దానికి రంగురంగుల జిప్పులు, బల్ల మీద పట్టకార్లు, గొడుగు ఊచలు. అన్నీ ఫ్రేములోకి వచ్చాయి. కెమెరా కన్నుకి ఆనించుకోబోతుంటే అక్క గొంతు వినబడింది.

"ఇందులో పుస్తకాలు మోస్తున్నారా, ఇటుకలా?" బడి సంచీ తెచ్చినావిడతో అంటోంది. "జిప్పు తప్పేం లేదండీ. పాపం అది ఎంతని ఓర్చుకుంటుంది?"

ఆవిడ నవ్వింది. అక్క కూడా నవ్వింది. ఆ నవ్వు చివర చిన్న దగ్గులాంటిది ఉంటుంది, ఇంకా ఉంది. ఆమె కెమెరా దించేసింది. బస్సు కిటికీ అద్దం లోంచి గొంతు రాదు కదా. ఇన్నేళ్ళూ అక్క పెదవులు కదలటం చూసి ఏమంటోందో తనే ఊహించుకునేది, ఆ ఊహల్లో అక్క ఎప్పుడూ కోపంగా మాట్లాడేది. ఇప్పుడు వింటూ నిలబడింది. సంచీ ఆవిడ వెళ్ళిపోయి, గొడుగు పట్టుకుని ఇంకొకాయన వచ్చి, ఆయన కూడా వెళ్ళిపోయాక గానీ ఫోటో తీయటానికి వచ్చానన్న సంగతి గుర్తు రాలేదు. గబగబా రెండు తీసింది. పేపర్ల ఆయన, "ఏదైనా కొంటారా, షాపు కాపలా కాస్తారా?" అనేసరికి ఒక పత్రిక కొనుక్కుని బస్సెక్కింది.

బుధవారం పొద్దున స్టూడియోలో చూస్తే రెండో ఫోటోలో అక్క సూటిగా కెమెరాలోకి చూస్తోంది.

తీసేటప్పుడు గమనించలేదు. కోపం ఉందేమోనని పెద్దది చేసి వెతికింది. ఏమీ లేదు. పని మధ్యలో తలెత్తి, ఎవరో వచ్చారని చూసి, మళ్ళీ తల దించుకోబోయే చూపు. ఆ పూటంతా వచ్చిన ప్రతి మొహాన్నీ ఆ చూపుతో పోల్చుకుంటూ పనిచేసింది. ఒకాయన ఫోటో రెండుసార్లు తియ్యాల్సొచ్చింది.

మధ్యాహ్నం మెకానిక్ బుల్లి లెన్సుని గుడ్డతో తుడిచి చేతిలో పెట్టాడు. "దీనితో స్తంభాల వెనక దాక్కోవటం కుదరదు."

"స్తంభం సంగతి మీకెలా తెలుసు?"

"మొహమాటస్తులందరూ స్తంభం వెనకే నించుంటారమ్మా. నలభై ఏళ్ళ అనుభవం."

సాయంత్రం ఆమె బస్సు దిగి తిన్నగా నడిచింది. పేపర్ల కొట్టు దాటింది. అక్కడ ఒకసారి కాళ్ళు ఆగబోయాయి. బల్ల ముందు వచ్చేవాళ్ళ కోసం చిన్న స్టూలు ఒకటి ఉంది, అది ఖాళీగా ఉంది. అక్క తల ఎత్తలేదు. తోలు సంచీ జిప్పులో ఇరుక్కున్న దారాన్ని సూదితో తీస్తోంది.

"కూర్చో," అంది. "మొన్న ఎనభై ఐదు. నిన్న యాభై. ఇవాళేం తెచ్చావు?"

ఆమె కూర్చుంది. మోకాళ్ళు బల్లకి తగిలాయి. "చూశావా?"

"ఎండకి ఎదురుగా అంత గాజు పెట్టుకుని నించుంటే వీధి చివరికి కూడా మెరుస్తుందే. లెన్సు మీద ఎండ పడకుండా హుడ్ పెట్టుకోమని నీకు నేర్పలేదూ?" దారం బయటికొచ్చింది. అక్క దాన్ని వేలికి చుట్టి పారేసింది. "ఎందుకొచ్చావు?"

"నిన్ను ఫోటో తీద్దామని."

"నన్నెందుకు?"

"కళ్ళజోడు పెట్టుకున్నావని."

అక్క మొదటిసారి ఆమె వైపు చూసింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. "అందరికీ వస్తుంది. నీకూ వస్తుంది. ఆ రోజు ఓనరు అందరి ముందూ నన్ను పొమ్మంటే నువ్వు తెర పక్కన నించుని నేల చూశావు. మా అక్క అలాంటిది కాదండీ అని ఒక్క ముక్క అనలేకపోయావు. దానికి నాకు ఎంత కోపం వచ్చిందంటే, నీ వస్తువులు ఉన్న గదిలో నా బట్టలు కూడా ఉంచబుద్ధి కాలేదు. సరే, అదంతా అయిపోయింది. తీసుకుంటే తీసుకో ఫోటో. వెలుగు బాగుంది."

అక్కడితో ఆగిపోవచ్చు. అక్క తనంతట తనే తీసుకోమంది. ఆమె కెమెరా ఎత్తింది. ఫ్రేములో అక్క, బల్ల, తీగ మీది జిప్పులు, మెట్ల మీద ఎక్కుతున్నవాళ్ళ చెప్పులు, పక్కన వీధి. అన్నీ ఉన్నాయి. అక్క ఊపిరి తీసుకోవటం కూడా కనబడుతోంది. వేలు నొక్కలేకపోయింది.

"అక్కా, ఆ మెమరీ కార్డు చెరిపింది నేను."

అక్క పట్టకారు వెతుక్కుంటోంది. "ఏ కార్డు?"

"పెద్దాయన పుట్టినరోజు ఫోటోల కార్డు. నువ్వు డ్రాయర్లోనే పెట్టావు. పక్కన ఇంకోటుంది. పాస్‌పోర్టు ఫోటోలకి ఖాళీ కార్డు కావాల్సొచ్చి నేను ఒకటి తీసి, చూడకుండా ఫార్మాట్ చేసేశాను. దాని మీదే నలభై మందిని తీశాను. సాయంత్రానికి తెలిసింది నాకు. నువ్వు వెతుకుతుంటే నీతో పాటు వెతికాను."

అక్క చెయ్యి ఆగింది. మెట్ల మీద ఎవరో చప్పుడు చేసుకుంటూ దిగారు.

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పింది. ఈసారి ఇంకా చిన్న గొంతుతో.

సంచీ తాలూకు మనిషి వచ్చాడు. అక్క జిప్పు లాగి చూపించి, సంచీ ఇచ్చేసి, ఆయన వెళ్ళేదాకా మర్యాదగా తల ఊపింది. తర్వాత రెండు చేతులూ బల్ల మీద పెట్టి వాటినే చూస్తూ కూర్చుంది.

"ఆయన పది రోజులకే పోయాడు. వాళ్ళావిడ వచ్చింది, గుర్తుందా? అరుస్తుందనుకున్నాను. అరవలేదు. నా చెయ్యి పట్టుకుని, ఒక్కటైనా లేదామ్మా, అందరం కలిసి ఉన్నది అవి మాత్రమే, అంది." అక్క గొంతు మామూలుగానే ఉంది. "అప్పట్నుంచీ రోజూ పడుకోబోయేముందు గుర్తుచేసుకుంటాను. కెమెరాలోంచి తీశాను. డబ్బాలో పెట్టాను. డ్రాయర్లో పెట్టాను. పెట్టానా? ఎక్కడ తప్పు చేశానో దొరకదు. దొరక్కపోతే ఇక నా చేతిని ఎలా నమ్మను? నా కూతురు పుట్టినప్పుడు ఫోను పక్కింటావిడకి ఇచ్చి తీయించాను. పిల్ల తల సగం తెగిపోయింది అందులో. అయినా నేను ముట్టుకోలేదు. దానికిప్పుడు ఆరేళ్ళు. నేను తీసిన ఫోటో ఒక్కటి లేదు దానికి."

అక్కకి కూతురుందని ఆమెకి అప్పుడే తెలిసింది. పేరు అడగాలనిపించింది. అడిగే హక్కు లేదని కూడా అనిపించింది.

"అక్కా..."

"వెళ్ళు."

ఆమె లేచింది.

"కెమెరా పెట్టి వెళ్ళు."

మెడలోంచి పట్టీ తీస్తుంటే జుట్టులో చిక్కుకుంది. విడదీసి, కెమెరాని బల్ల మీద, పట్టకార్ల మధ్య పెట్టింది. అక్క దాన్ని ముట్టుకోలేదు. ఆమె బస్సు స్టాపు దాకా నడిచి, బస్సులు వస్తుంటే ఎక్కకుండా, చాలాసేపు అక్కడే నించుంది.

గురువారం స్టూడియో తెరవగానే ఓనరు గదిలోకి వెళ్ళింది. ఆయన కుర్చీ దులుపుకుంటున్నాడు.

"పెద్దాయన కార్డు చెరిపింది నేనండీ. మా అక్క కాదు."

ఆయనకి అర్థం కావటానికి కొంత టైము పట్టింది. కూర్చున్నాడు. "ఇన్నేళ్ళ తర్వాత చెప్తే నన్నేం చెయ్యమంటావు?"

"ఏమీ వద్దు. మా అక్క తప్పు చేసిందని ఇంకెప్పుడూ ఎవరితోనూ అనకండి. అంతే."

"నువ్వేనా అంటున్నది?" అన్నాడాయన, ఆమెని కొత్తగా చూస్తూ. ఎడాపెడా తిడతాడనుకుంది. ఆయన బల్ల మీది కాయితాలు అటూ ఇటూ సర్దాడు. "ఇవాల్టికి ఇంటికెళ్ళు. నేను ఆలోచించుకోవాలి."

ఆమె ఇంటికెళ్ళలేదు. పొద్దున్న పదింటికి ఆ వీధిని ఎప్పుడూ చూడలేదు. ఎండ మెట్ల కిందికి ఇంకా రాలేదు. అక్క అప్పుడే బల్ల పరిచి తీగకి జిప్పులు తగిలిస్తోంది. కెమెరా అక్క మెడలో ఉంది.

ఆమె స్టూలు పక్కనే ఆగిపోయింది. "ఓనరుకి చెప్పేశాను," అంది.

"ఏమన్నాడు?"

"ఇంటికి పొమ్మన్నాడు. మళ్ళీ రమ్మంటాడో లేదో."

అక్క ఒక జిప్పు తగిలించింది, ఇంకొకటి తగిలించింది. "నిన్న సాయంత్రం మా పిల్లని తీశాను. కార్డు నిండిపోయేదాకా."

"చూడొచ్చా?"

"వద్దు." తీగ మీది జిప్పు సరిచేసి, "ఇప్పుడే వద్దు," అంది. "నీ మీద కోపం పోలేదు. ఎప్పుడు పోతుందో నాకూ తెలీదు. అడగకు." కెమెరాని చేతిలోకి తీసుకుని లెన్సు రింగుని బొటనవేలితో తిప్పింది. "ఈ లెన్సు ఎవరిది?"

"ఇంకా ఎవరిదీ కాదు. నచ్చితే ఉంచుకోవాలి, లేకపోతే ఇవాళ ఇచ్చెయ్యాలి."

"ఇవ్వకు."

సిగ్నల్ పడింది. స్టాపులో బస్సు దిగినవాళ్ళు ఆఫీసుల వైపు విడిపోతున్నారు. అక్క వాళ్ళ వైపు చూస్తోంది. చూపు ఒకచోట ఆగి, ఇంకోచోటికి వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది. ఆ చూపుని ఆమె ఎనిమిదేళ్ళుగా ఎక్కడా చూడలేదు. అక్క బల్ల వెనకనుంచి వంగి ఇవతలికి వచ్చింది.

"అటు వెళ్ళి కూర్చో. ఒక గంట. రన్నరు మార్చాల్సినవి ఒప్పుకోకు, నీకు రాదు. బిగుసుకున్నవాటికి కొవ్వొత్తి రుద్ది ఇచ్చెయ్. బలంగా లాగావంటే పళ్ళు పోతాయి, తర్వాత నేను ఏడవాలి."

ఆమె మెట్ల కిందికి దూరి కూర్చుంది. అక్క నడుస్తూ ఫుట్‌పాత్ మీద బస్సు కోసం నించున్న వరస దగ్గరికి వెళ్ళింది. ఒక ముసలాయన టోపీ తీసి దాని లోపలికి చూసుకుంటున్నాడు. అక్క ఆగింది. కెమెరా ఎత్తింది, చాలదన్నట్టు దించింది, ఇంకో రెండు అడుగులు వేసింది. ముసలాయన తలెత్తి చూశాడు. అక్క ఏదో అంది. ఆయన నవ్వాడు. ఇక్కడికి ఏమీ వినబడలేదు. వరస కదిలి, మనుషులు అడ్డం వచ్చి, కాసేపు అక్క భుజం కనబడింది, తర్వాత అదీ కనబడలేదు. పిలిస్తే వినబడేంత దూరమే. పిలవలేదు. మెడ సాచి, జనం తెరిపిచ్చినప్పుడల్లా వెతికింది.

"జిప్పులు చేసే ఆవిడ లేదా?"

బల్ల ముందు ఒకావిడ, చేతిలో పిల్లల స్వెట్టరు.

"మా అక్క," అంది ఆమె. "పని మీద వెళ్ళింది."

"ఎంతసేపట్లో వస్తుంది?"

ఆమె కొవ్వొత్తి ముక్క కోసం బల్ల మీద తడుముకుంటూ మరోసారి జనంలోకి చూసింది.

"చెప్పలేనండీ. దగ్గరికి వెళ్ళి తీస్తుంది. టైము పడుతుంది."